చెప్పుకుంటేనే పిల్లలకు రక్ష

'నిఘా' అనే మాట వినగానే మనకు పోలీసులు గుర్తుకొస్తారు. లేదంటే అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర బిగించిన కెమెరాలు గుర్తుకొస్తాయి. కానీ మన పిల్లల ఆరోగ్యానికి కూడా ఒక నిఘా ఉందని మనలో ఎంతమందికి తెలుసు? రిజిస్టరు చంకన పెట్టుకుని, గేటు దగ్గర నిలబడి, "అమ్మా, ఇంట్లో పిల్లలకెవరికైనా జ్వరం, ఒంటిమీద దద్దుర్లు వచ్చాయా?" అని అడిగే నర్సమ్మతోనే ఆ నిఘా మొదలవుతుంది. మనం చెప్పే జవాబే దానికి ఆధారం. ఆ జవాబు నేనొకసారి తప్పు చెప్పాను. ముందు ఆ సంగతి ఒప్పుకుంటేనే మిగతా మాటలు రాసే అర్హత నాకుంటుంది.

కొన్నేళ్ళ కిందట వేసవి సెలవులకు మా అమ్మాయి పిల్లాణ్ణి తీసుకుని మా ఇంటికొచ్చింది. వాడికప్పుడు నాలుగేళ్ళు. వచ్చిన రెండో రోజే జ్వరం. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, దగ్గు. నాలుగో రోజుకు చెవుల వెనక మొదలై మొహమంతా, ఆపైన ఒళ్ళంతా ఎర్రటి దద్దు. మా అత్తగారు చూసి "అమ్మవారు పోసిందే" అని గుమ్మానికి వేపమండలు కట్టించారు. ఇంట్లో పోపు పెట్టొద్దన్నారు. బయటివాళ్ళతో అనొద్దన్నారు. నేను చదువుకున్నదాన్నే. డాక్టరుకు చూపించాం, ఆయనిచ్చిన మందులూ వాడాం. కానీ మర్నాడు నర్సమ్మ వచ్చి అడిగితే మాత్రం "మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదండీ" అనేశాను. ఆవిడ ఒకసారి గుమ్మం వంక చూసింది. వేపమండలు కనబడుతూనే ఉన్నాయి. ఏమీ అనలేక, రిజిస్టర్లో సున్నా వేసుకుని వెళ్ళిపోయింది.

ఎందుకు దాచానంటే అత్తగారి మాటకోసం అని చెప్పి తప్పించుకోవచ్చు. అది సగం నిజమే. వాడికి తట్టు టీకా రెండో డోసు వేయించలేదు. మా అమ్మాయివాళ్ళు ఊరు మారిన హడావుడిలో తప్పిపోయింది. "చదువుకున్న ఇల్లు, టీకా కూడా వేయించలేదా?" అని నలుగురూ అంటారేమోనని నామోషీ వేసింది. మిగతా సగం అదీ.

పన్నెండో రోజున మా పైవాటాలో ఉన్నవాళ్ళ ఎనిమిది నెలల పాపకు జ్వరం వచ్చింది. ఆపైన దద్దు, ఆపైన న్యుమోనియా. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. దేవుడి దయ వల్ల పాప కోలుకుంది. మావాడి నుంచే అంటిందని ఎవరూ అనలేదు. అనడానికీ లేదు, అనకపోవడానికీ లేదు. మావాడికి వచ్చింది తట్టో, రుబెల్లానో, మరొకటో పరీక్ష చేయిస్తే కదా తెలిసేది! నేను నోరు విప్పి ఉంటే నర్సమ్మ పైకి తెలియజేసేది, రక్తం తీసి లాబొరేటరీకి పంపేవారు, చుట్టుపక్కల ఇళ్ళలో టీకా తప్పిన పిల్లలను వెతికేవారు. పైవాటా తల్లికి కనీసం "పాపను కిందికి తేవద్దు" అనైనా తెలిసేది. ఆ సున్నా ఇవన్నీ జరగనివ్వలేదు.

టీకాల కార్యక్రమం అంటే మందు సీసాలు, సూదులు, చుక్కలు అనే మనం అనుకుంటాం. అది సగమే. జబ్బు ఎక్కడ ఉందో, ఎవరికి వస్తోందో, టీకా వేసుకున్నవాళ్ళకు కూడా వస్తోందా అన్నది ఎప్పటికప్పుడు తెలుసుకోవడం రెండో సగం. రెండోది లేకపోతే మొదటిది చీకట్లో రాయి విసరడమే.

మశూచి సంగతి చూడండి. మన అమ్మమ్మల కాలంలో మొహం మీద స్ఫోటకం మచ్చలు లేని ఇల్లు అరుదు. దానికి టీకా 1790ల నుంచే ఉంది. మన దేశంలో కోట్లమందికి వేశారు. అయినా 1970ల మొదట్లో కూడా అది మనల్ని వదల్లేదు. ఎంతమందికి వేశాం అన్న లెక్క ఉంది గానీ, జబ్బు ఇప్పుడు ఏ ఊళ్ళో ఏ ఇంట్లో ఉందన్న లెక్క సరిగా లేదు. 1973 నుంచి పద్ధతి మార్చారు. ఆరోగ్య కార్యకర్తలు మశూచి సోకిన పిల్లవాడి బొమ్మ చేతబట్టుకుని ఇంటింటికీ తిరిగారు. "ఇలాంటిది ఎక్కడైనా చూశారా?" అని సంతల్లో, బడుల్లో అడిగారు. కేసు చూపించినవాళ్ళకు బహుమతి ప్రకటించారు. కేసులు తగ్గేకొద్దీ ఆ బహుమతిని వెయ్యి రూపాయల దాకా పెంచారు. కేసు దొరికిన ఇంటి చుట్టూ అందరికీ టీకా వేసి జబ్బును అక్కడే కట్టేశారు. 1974లో బీహార్‌లో అంత పెద్దగా చెలరేగిన మశూచి, 1975 మే తర్వాత మన దేశంలో మళ్ళీ కనబడలేదు. 1980లో ప్రపంచం మొత్తానికే అది పోయిందని ప్రకటించారు. టీకా పాతదే. వెతకడం కొత్తగా నేర్చుకున్నాం.

పోలియో కథ ఇంకా చిత్రం. 1995లో దేశమంతటా పల్స్ పోలియో మొదలైనప్పుడు చంటిపిల్లల్ని ఎత్తుకుని బూత్‌ల ముందు వరస కట్టిన తల్లుల్లో ఈ పేజీ చదివేవాళ్ళు చాలామందే ఉంటారు. పిల్లల ఎడమ చేతి చిటికెన వేలిమీద సిరా గుర్తు మనకు గుర్తే. కానీ దాని వెనక 1997 నుంచి మరో పని నడుస్తోంది. పదిహేనేళ్ళలోపు పిల్లలకెవరికైనా ఉన్నట్టుండి కాలో చెయ్యో మెత్తబడి చచ్చుబడితే వెంటనే తెలియజేయాలి. పోలియో అని డాక్టరుకు అనుమానం లేకపోయినా సరే! పక్షవాతం మొదలైన 14 రోజుల్లోగా, కనీసం 24 గంటల తేడాతో, రెండుసార్లు మలం నమూనా తీసి ఐసుపెట్టెలో లాబొరేటరీకి పంపాలి. 60 రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళి ఆ బిడ్డ నడుస్తోందో లేదో చూడాలి.

ఇంత హైరానా ఎందుకంటే, పోలియో వైరస్ సోకిన సుమారు 200 మందిలో ఒక్కరికే కాలు పడిపోతుంది. మిగతావాళ్ళు మామూలుగానే తిరుగుతూ వైరస్‌ను పంచుతుంటారు. కాబట్టి కాలు పడిపోయిన ఒక్క బిడ్డ కనబడిందంటే ఆ వాడలో వందల ఇళ్ళలో వైరస్ తిరుగుతోందని అర్థం.

ఈ వెతుకులాటలోనే అసలు రహస్యాలు బయటపడ్డాయి. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో కొంతమంది పిల్లలకు ఎన్నోసార్లు చుక్కలు వేసినా పోలియో వస్తోందని తేలింది. తల్లుల మీదో, కార్యకర్తల మీదో తప్పు తోసేయకుండా ఆ లెక్కలను చూసి, మూడు రకాల వైరస్‌లకూ కలిపి ఇచ్చే చుక్కలు అక్కడ సరిగా పనిచేయడం లేదని గ్రహించారు. 2005లో ఒకే రకానికి పనిచేసే చుక్కలు, 2010లో రెండు రకాలకు కలిపిన చుక్కలు వచ్చాయి. జబ్బు మళ్ళీ మళ్ళీ తలెత్తుతున్న 107 బ్లాకులను ఆ రెండు రాష్ట్రాల్లో గుర్తించి, నీళ్ళు, పారిశుధ్యం దగ్గర్నుంచి అన్నీ అక్కడ గట్టిగా పట్టించుకున్నారు. 2009లో మన దేశంలో 741 పోలియో కేసులు. 2010లో 42. 2011లో ఒక్కటి. ఆ ఏడాది జనవరిలో పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో ఒక చిన్నపిల్లకు వచ్చిందే మన దేశపు చివరి సహజ పోలియో కేసు. 2014 మార్చి 27న మన ఆగ్నేయాసియా ప్రాంతం మొత్తానికి పోలియో లేదన్న ధ్రువపత్రం వచ్చింది.

ఆ పత్రం ఎలా వచ్చిందో తెలుసా? "మా దగ్గర కేసులు లేవు" అంటే చాలదు. "వెతికాం, అయినా దొరకలేదు" అని చూపించాలి. పోలియో లేకపోయినా ఇతర కారణాల వల్ల పిల్లలకు కాళ్ళు చచ్చుబడుతూనే ఉంటాయి. పదిహేనేళ్ళలోపు పిల్లలు లక్షమంది ఉంటే ఏడాదికి కనీసం ఒకరికైనా ఇలా అవుతుందని ప్రపంచ లెక్క. మన దేశం దాన్ని రెండుకు పెంచుకుంది. ఏ జిల్లా నుంచైనా ఒక్క కేసూ రాలేదంటే అక్కడ పిల్లలందరూ భేషుగ్గా ఉన్నారని కాదు, అక్కడ చూసేవాళ్ళు నిద్రపోతున్నారని లెక్క. ఆసుపత్రులు ప్రతివారం రిపోర్టు పంపాలి. కేసులు లేకపోతే 'లేవు' అని రాసి పంపాలి. నా సున్నా లాంటి ఒట్టి సున్నా పనికిరాదు. వెతికి వేసిన సున్నా కావాలి.

"పోలియో పోయిందిగా, ఇంకెందుకీ గోల?" అనేవాళ్ళకు మన హైదరాబాద్ సంగతే చెప్పాలి. 2016లో నగరపు మురుగునీటి నమూనాలో రెండో రకం పోలియో వైరస్ దొరికింది. బయటినుంచి వచ్చిన సహజ వైరస్ కాదది. చుక్కల మందులో ఉండే బలహీనమైన వైరస్, టీకాలు సరిగా అందని పిల్లల మధ్య చాలాకాలం తిరిగితే, అరుదుగా మారిపోయి మళ్ళీ బలం పుంజుకుంటుంది. అలాంటిది. అప్పటికి ఒక్క బిడ్డకూ కాలు పడిపోలేదు. అయినా ఆగలేదు. జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని కొన్ని ప్రాంతాల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ళలోపు పిల్లలకు పోలియో ఇంజెక్షన్ ఇచ్చారు. మందు కొరత ఉండటంతో మామూలు డోసులో అయిదో వంతును చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో, 3 లక్షలకు పైగా పిల్లలకు వేశారు. ఒక్క మురుగు నమూనా చెప్పిన మాట విని ఇంత పనీ చేశారు. ఆ రోజుల్లో "ఉన్నట్టుండి ఈ సూదులేమిటి?" అని గాభరాపడ్డ తల్లులు చాలామందే ఉన్నారు. సంగతి వాళ్ళకు ముందే విడమరిచి చెప్పి ఉంటే ఆ గాభరా ఉండేది కాదు.

ఆ తర్వాతా పోలియో పీడ విరగడ కాలేదు. 2024లో మేఘాలయ పశ్చిమ గారో హిల్స్ జిల్లాలో రెండేళ్ళ బిడ్డకు ఇలాంటి మారిన వైరస్ వల్లనే జబ్బు వచ్చింది. అదే ఏడాది పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో సహజ పోలియో కేసులు కూడా వచ్చాయి.

ఇక మళ్ళీ తట్టు దగ్గరికి వద్దాం. దీన్ని మించిన అంటుజబ్బు లేదన్నా తప్పులేదు. దద్దు కనబడటానికి నాలుగు రోజుల ముందు నుంచి, కనబడ్డాక మరో నాలుగు రోజుల దాకా అంటుతూనే ఉంటుంది. నూటికి 95 మంది పిల్లలకు రెండు డోసులూ పడితే తప్ప వాడలో దానికి అడ్డుకట్ట పడదు. మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. తొమ్మిది నెలలు నిండని పసివాళ్ళకు చుట్టూ ఉన్న మనమే రక్ష. మా పైవాటా పాపకు నేను ఆ రక్ష ఇవ్వలేకపోయాను.

2022 చివర్లో ముంబైలోని గోవండీ వంటి ఇరుకు వాడల్లో తట్టు చెలరేగి పసిపిల్లలు చనిపోయారు. కోవిడ్ రోజుల్లో మామూలు టీకాలు వెనకబడ్డ ఫలితం అది. అప్పుడు కేసుల వయసులు లెక్క చూశారు. తొమ్మిది నెలలలోపు పిల్లల వాటా పదోవంతు దాటిన చోట, ఆరు నెలలు నిండిన పిల్లలకు కూడా ఒక అదనపు డోసు ఇవ్వమని కేంద్రం సలహా ఇచ్చింది. చూశారా, ఎవరికి, ఏ వయసులో, ఎక్కడ టీకా వేయాలో చెప్పింది ఆ లెక్కలే! ఆ లెక్కలకు ముడిసరుకు "మా బిడ్డకు దద్దు వచ్చిందమ్మా" అని ఒక తల్లి చెప్పిన మాట.

జబ్బు సంగతే కాదు, టీకా సంగతి కూడా ఇలాగే చెప్పాలి. టీకా వేయించాక జ్వరమో, వాపో, మరేదైనా తేడానో కనబడితే దాచొద్దు. పుకార్లు పుట్టించనూ వద్దు. వేసినవాళ్ళకు చెప్పండి. అమెరికాలో 1998లో రోటావైరస్ విరేచనాలకు ఒక టీకా వచ్చింది. వేయించుకున్న కొందరు పసివాళ్ళలో పేగు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినట్టు పదిహేను రిపోర్టులు అందగానే 1999 జూలైలో ఆపేశారు, అక్టోబరుకు ఆ టీకాను వెనక్కి తీసుకున్నారు. లక్షల డోసుల మధ్య ఆ పదిహేను రిపోర్టులు కనబడ్డాయంటే ఎవరో చెప్పబట్టే కదా! ఆ తర్వాత వచ్చిన రోటా టీకాలను అదే కంటితో జాగ్రత్తగా పరీక్షించారు. హైదరాబాద్‌లో తయారైన టీకాతో 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో ఆ చుక్కలు మొదలుపెట్టినప్పుడు, పేగు ఇబ్బంది మీద కన్నేసి ఉంచే ఏర్పాటు కూడా చేశారు. టీకాను నమ్మండి అని చెప్పడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనబడదు. దాన్ని కనిపెట్టి చూసేవాళ్ళున్నారు కాబట్టి నమ్మవచ్చు.

అయితే చెప్పమని తల్లులనే అనడం న్యాయం కాదు. చెప్పినవాళ్ళను ఏం చేస్తున్నామో కూడా చూడాలి. కేసు చూపించిన ఆశా కార్యకర్తనే "నీ పరిధిలో ఎలా వచ్చింది?" అని గద్దిస్తే, మరుసటి వారం ఆవిడ ఏం రాస్తుంది? సున్నా! కేసులు ఎక్కువ చూపించిన కేంద్రాన్ని పనికిరానిదిగా చూస్తే కేసులు కాగితం మీద తగ్గుతాయి, వాడలో పెరుగుతాయి. చూపించినందుకు మెచ్చుకోవాలి. అప్పుడు మశూచికి బహుమతులిచ్చారు, ఇప్పుడు తిట్లయినా ఆపకూడదా? అలాగే పట్టణాల్లో చాలామంది పిల్లలు ప్రైవేటు డాక్టర్ల దగ్గరికే వెళతారు. మందులు రాసి పంపేసి, కేసు సంగతి ఎవరికీ తెలియజేయకపోతే ఆ బిడ్డ లెక్కలోకే రాదు. ఫీజు తీసుకున్న డాక్టరుకు ఆ బాధ్యత కూడా ఉంది.

మన బాధ్యత మనది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో "సర్వేవాళ్ళను పైకి పంపొద్దు" అని చెప్పడం మానేద్దాం. ఎండలో తిరిగొచ్చిన మనిషికి ముందు గ్లాసుడు మంచినీళ్ళిచ్చి, తర్వాత నిజం చెబుదాం. ఏం చెప్పాలంటారా? జ్వరంతో పాటు ఒళ్ళంతా దద్దు. పదిహేనేళ్ళలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడటం. గొంతునొప్పితో మెడ వాచి, గొంతులో బూడిదరంగు పొర కట్టడం. అది డిఫ్తీరియా కావచ్చు. తెరలు తెరలుగా వచ్చి, చివర్లో ఊపిరి ఈడుస్తూ రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు. అది కోరింత దగ్గు కావచ్చు. రెండు రోజులు బాగానే పాలు తాగిన పసిగుడ్డు ఉన్నట్టుండి పాలు పట్టలేక బిగుసుకుపోవడం. అది ధనుర్వాతం కావచ్చు. వీటిలో ఏది కనబడినా ముందు ఆసుపత్రికి పరుగెత్తండి, ఆ వెంటనే మీ ఏఎన్‌ఎంకో, ఆశాకో, అంగన్‌వాడీ టీచరుకో చెప్పండి. పిల్లల టీకాల కార్డు పారేయకండి. ఊరు మారితే బియ్యం డబ్బాకన్నా ముందు దాన్ని సర్దుకోండి. మా అమ్మాయి చేయనిది అదే.

వేపమండలు కట్టుకుంటే కట్టుకోండి. మా అత్తగారి నమ్మకాన్ని నేనేం ఎగతాళి చేయను. నిజానికి ఆ మండలు కట్టడం కూడా ఒకరకంగా చెప్పడమే. 'ఈ ఇంట్లో జబ్బుంది, లోపలికి రావద్దు' అని వీధికంతా చాటడమే. గుమ్మం అంత చక్కగా చెబుతున్న మాటను నేనే నోటితో కాదన్నాను.

ఈ మధ్య నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఆవిడే. రిజిస్టరు పోయి చేతిలోకి ఫోను వచ్చింది. అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. మా ఇంట్లో ఈసారి నిజంగానే ఎవరికీ ఏమీ లేదు. కానీ పక్క సందులో కుట్టుమిషను ఆవిడ కొడుక్కి జ్వరమూ దద్దూ అని పొద్దునే విన్నాను. ఆవిడతో ముందే మాట్లాడి ఒప్పించి ఉంచాను. "పదండి, నేనూ వస్తాను" అని చెప్పులేసుకున్నాను.